ఊరేగింపులతో యుద్ధాలు ఆగుతాయా?

2003 ఫిబ్రవరి 15, శనివారం నాడు ప్రపంచమంతటా దాదాపు 600 నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. రోమ్‌లో 30 లక్షల మంది కదిలారని అంచనా. లండన్‌లో పోలీసుల లెక్క ఏడున్నర లక్షలు, నిర్వాహకుల లెక్క 20 లక్షల దాకా. మాడ్రిడ్‌లో, బార్సిలోనాలో, బెర్లిన్‌లో, న్యూయార్క్‌లో ఒకటే నినాదం: ఇరాక్ మీదికి వెళ్లొద్దు. ఒకే రోజున ఒకే విషయం మీద అంతమంది నిరసన తెలపడం అంతకుముందు ఎన్నడూ లేదు. జనం సంఖ్య చూసి విధానాలు మార్చుకోనని అధ్యక్షుడు బుష్ కొట్టిపారేశారు. ఐదు వారాలు తిరక్కుండానే, మార్చి 20 తెల్లవారుజామున బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి.

అప్పటినుంచి యుద్ధ వ్యతిరేక ఉద్యమాల గురించి రెండు మాటలు పక్కపక్కనే వినిపిస్తున్నాయి. అంతమంది వచ్చినా ఇరాక్ యుద్ధం ఆగలేదు కనుక ఊరేగింపుల వల్ల ఒరిగేదేమీ లేదన్నది ఒకటి. వియత్నాం యుద్ధాన్ని ఆపింది అమెరికా విద్యార్థులే కదా అన్నది రెండోది. మన సభల్లో, వ్యాసాల్లో ఈ రెండో మాటే ఎక్కువ. యాభై ఏళ్లుగా చరిత్రకారులు, నాటి సైనికులు, అధికారులు రాసినవాటిని ఒకచోట పెట్టి చదివితే రెండూ నిలబడవు. తన దేశం పరాయి గడ్డ మీద చేసే యుద్ధాన్ని పౌరులు ఆపగలరా? ఆపగలరు. కానీ జనసంఖ్యతో కాదు. ఏ యుద్ధానికైనా మనుషులు కావాలి, డబ్బు కావాలి. నిరసన ఆ రెండింటి దాకా చేరిన చోట పాలకులు తగ్గారు, చేరని చోట లక్షల మంది నడిచినా తగ్గలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

వియత్నాంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే దాని మీద ఉన్నంత సాక్ష్యం మరే యుద్ధం మీదా లేదు. 1964 ఆగస్టులో టొంకిన్ సింధుశాఖలో తమ నౌకల మీద దాడి జరిగిందంటూ జాన్సన్ ప్రభుత్వం అమెరికా కాంగ్రెస్ ముందుకు ఒక తీర్మానం తెచ్చింది. ప్రతినిధుల సభలో 416 మంది అనుకూలం, వ్యతిరేకం ఒక్కరూ లేరు. సెనేట్‌లో 88 మంది అవునంటే వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్ అనే ఇద్దరే కాదన్నారు. 1965 మార్చి 8న మెరైన్ దళాలు డా నాంగ్ తీరంలో దిగాయి. అదే నెలలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులు, విద్యార్థులు రాత్రంతా మేలుకొని వియత్నాం గురించి చర్చించారు. మూడు వేల మందికి పైగా వచ్చిన ఆ కార్యక్రమానికి టీచ్-ఇన్ అని పేరు. కొన్ని వారాల్లో అది ఎన్నో క్యాంపస్‌లకు పాకింది. ఉద్యమం పుట్టింది నినాదంతో కాదు, చదువుతో. పటంలో ఎక్కడుందో తెలియని దేశం గురించి తెలుసుకోవాలన్న పట్టుదలతో. ఈ సంగతి చాలామంది మరిచిపోయారు.

అదే ఏడాది నవంబర్ 2న నార్మన్ మారిసన్ అనే 31 ఏళ్ల క్వేకర్ క్రైస్తవుడు, పెంటగాన్ ఆవరణలో రక్షణ మంత్రి మెక్‌నమారా కార్యాలయం కిటికీ కిందే ఒంటికి నిప్పంటించుకున్నాడు. దక్షిణ వియత్నాంలో బౌద్ధ భిక్షువులు అప్పటికే అలా ఆత్మాహుతి చేసుకున్నారు. ఆ చావును గురించి మెక్‌నమారా ముప్పై ఏళ్ల తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వియత్నాంలో మారిసన్ పేరు ఇంటింటా తెలిసింది. అయినా అతడి చావుతో యుద్ధం ఒక్క అడుగు కూడా వెనక్కి పోలేదు. 1967 చివరికి అక్కడ 4 లక్షల 85 వేల మంది అమెరికా సైనికులున్నారు.

ఇక చరిత్రకారుల వాదన చూద్దాం. జాన్ ముల్లర్ 1973లో వెలువరించిన అధ్యయనంలో ఒక ఇబ్బందికరమైన సంగతి చూపించాడు. కొరియా యుద్ధానికి వ్యతిరేకంగా అమెరికాలో చెప్పుకోదగ్గ ఉద్యమమే లేదు. అయినా శవపేటికలు పెరిగేకొద్దీ కొరియా యుద్ధానికి ప్రజల మద్దతు ఎలా తగ్గిందో, వియత్నాం యుద్ధానికీ అలాగే తగ్గింది. అంటే ప్రజల మనసు మార్చింది ఊరేగింపులు కావు, సొంతవాళ్ల చావులేనన్నమాట. ఆడమ్ గార్ఫింకిల్ 1995లో ఇంకో అడుగు ముందుకేసి, ఉద్యమంలోని తీవ్ర ధోరణులు సాధారణ పౌరులను భయపెట్టి యుద్ధాన్ని పొడిగించాయన్నాడు. ఈ వాదనను తేలిగ్గా తీసిపారేయలేం. 1970 మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డ్ సైనికులు 13 సెకన్లలో 67 తూటాలు పేల్చి నలుగురు విద్యార్థులను చంపారు. తప్పు ఎవరిదని గాలప్ సంస్థ అడిగితే 58 శాతం మంది విద్యార్థులదేనన్నారు, గార్డులదని అన్నవాళ్లు 11 శాతమే. నిరాయుధులైన పిల్లలు చచ్చిపోయినా కన్నీళ్లు రాని సమాజంలో ఆ ఉద్యమం పనిచేసింది.

దీనికి సమాధానం మెల్విన్ స్మాల్ దగ్గర దొరుకుతుంది. ప్రజాభిప్రాయాన్ని కాకుండా పాలకుల గదులను పరిశీలించాడాయన. అధ్యక్షులు జాన్సన్, నిక్సన్‌ల దగ్గర పనిచేసినవాళ్లతో మాట్లాడి, వాళ్ల కాగితాలు తిరగేసి, బయటికి లెక్కచేయనట్టు నటించిన ఆ ఇద్దరూ లోపల ప్రతి ఊరేగింపునూ గమనించారని 1988లో చూపించాడు. ఇందుకు అన్నిటికన్నా బలమైన ఉదాహరణ 1969 శరదృతువు. ఆ ఏడాది నిక్సన్ ఉత్తర వియత్నాంకు రహస్యంగా గడువు పెట్టాడు. నవంబర్ 1లోగా దిగిరాకపోతే భారీ దాడి తప్పదన్నాడు. హనోయ్ మీద బాంబులు, హైఫాంగ్ రేవు చుట్టూ సముద్రంలో మందుపాతరలు, ఇంకా చాలా ఉన్నాయి ఆ పథకంలో. డక్ హుక్ అని దానికి పేరు పెట్టారు. జనానికి ఇదేమీ తెలియదు. అక్టోబర్ 15న దేశమంతటా మొరటోరియం పేరుతో పనులు ఆపి చర్చిల్లో, బడుల్లో, కూడళ్లలో సమావేశమైనవారు దాదాపు 20 లక్షలు. పెద్ద నగరాలే కాదు, ఎప్పుడూ ఊరేగింపు చూడని చిన్న ఊళ్లు కూడా. నవంబర్ 1 వచ్చింది, పోయింది, దాడి జరగలేదు. తన బెదిరింపుకు విలువ లేకుండా చేసింది ఆ నిరసనేనని నిక్సన్ తర్వాత ఆత్మకథలో ఒప్పుకున్నాడు. పథకం మానుకోవడానికి ఇతర కారణాలూ ఉండొచ్చు. కానీ ఆ నెలల్లో బతికిపోయిన హనోయ్ వాసులు ఎందరో ఊహించండి. ఆ 20 లక్షల మందికీ తాము ఏం ఆపారో ఆనాడు తెలియదు. వీధిలో నడిచినందుకు ఫలితం కనిపించలేదని నిరాశపడే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క ఉదంతాన్ని గుర్తుపెట్టుకోవాలి.

రెండు రోజులకే నిక్సన్ టీవీలో మౌనంగా ఉన్న మెజారిటీ ప్రజలు తనవైపే ఉన్నారని ప్రకటించి, ఆట తిప్పేశాడు. అదే హైఫాంగ్ రేవులో మందుపాతరలు 1972 మేలో వేశాడు కూడా. అంటే నిరసన యుద్ధానికి హద్దు గీసింది గానీ ఆపలేకపోయింది.

ఆపిందేమిటి? మొట్టమొదట వియత్నాం ప్రజల పోరాటం. 1968 జనవరి చివర కమ్యూనిస్టు దళాలు దక్షిణ వియత్నాం నగరాల మీద చేసిన టెట్ దాడి లేకపోతే వాషింగ్టన్‌లో ఎవరూ కదిలేవారు కాదు. ఆ దాడి తర్వాత సేనాపతి వెస్ట్‌మోర్‌లాండ్ మరో 2 లక్షల 6 వేల మంది సైనికులను అడిగాడు. ఇవ్వాలా వద్దా అని రక్షణ శాఖ అధికారులు తయారుచేసిన పత్రంలో సైనిక లెక్కలతోపాటు ఒక హెచ్చరిక కూడా ఉంది. అంతమందిని పిలిస్తే డ్రాఫ్టు ధిక్కారం, నగరాల్లో అశాంతి కలిసి దేశంలో ఇదివరకెన్నడూ లేని సంక్షోభం రావచ్చని. జాన్సన్ ఆ సంఖ్య ఇవ్వలేదు. మార్చి 31న మళ్లీ పోటీ చేయనని ప్రకటించి తప్పుకున్నాడు. ఇక్కడే మనుషుల విషయం మొదలవుతుంది.

డ్రాఫ్టు అంటే నిర్బంధ సైనిక భర్తీ. పద్దెనిమిది నిండిన ప్రతి కుర్రాడి జేబులో ఒక కార్డు. యుద్ధం ఆ కార్డు రూపంలో ప్రతి ఇంటి గడపా ఎక్కింది. 1967 ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో ముహమ్మద్ అలీ పేరు పిలిచినప్పుడు ముందుకు అడుగు వేయలేదు. ప్రపంచ హెవీవెయిట్ కిరీటం లాక్కున్నారు, ఐదేళ్ల జైలు, 10 వేల డాలర్ల జరిమానా విధించారు. వయసులో, బలంలో శిఖరాన ఉన్న మూడున్నరేళ్లు బాక్సింగ్ రింగు బయటే గడిపాడు. సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది 1971 జూన్‌లో. అలీ కంటే కొద్ది వారాల ముందు, ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్క్ రివర్‌సైడ్ చర్చిలో యుద్ధాన్ని ఖండిస్తే, అంతవరకు ఆయన్ను మెచ్చుకున్న పెద్ద పత్రికలే నీకెందుకీ విషయం అని సంపాదకీయాలు రాశాయి. సరిగ్గా ఏడాదికి అదే తేదీన ఆయన్ను కాల్చి చంపారు. ఇలా పేరున్నవాళ్లు కాక, డ్రాఫ్టు నేరాల కింద ఆరోపణలు ఎదుర్కొన్న మామూలు యువకులు దాదాపు 2 లక్షల 10 వేల మంది. జైలుకు వెళ్లినవారు 3,250. అంతమందిని విచారించే శక్తి కోర్టులకు లేకపోయింది. డేనియల్, ఫిలిప్ బెరిగన్ అనే కాథలిక్ సోదరులు, ఇద్దరూ ప్రీస్టులే, 1968 మే 17న మరో ఏడుగురితో కలిసి మేరీలాండ్‌లోని కేటన్స్‌విల్‌లో డ్రాఫ్టు కార్యాలయం నుంచి 378 ఫైళ్లు బయటికి తెచ్చి, ఇంట్లో తయారుచేసిన నాపాంతో తగలబెట్టారు. వియత్నాంలో పిల్లల మీద పడుతున్న పదార్థం అదేనని చూపించడానికి. తర్వాత పారిపోకుండా ప్రార్థిస్తూ అరెస్టుకోసం నిలబడ్డారు.

సైన్యం లోపల జరిగింది మన పుస్తకాల్లో ఎందుకో పెద్దగా కనపడదు. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించిన భాగం అదే. 1966 జూన్‌లో ఫోర్ట్ హుడ్ స్థావరానికి చెందిన ముగ్గురు సైనికులు వియత్నాం వెళ్లబోమన్నారు. ఒకరు నల్లజాతి, ఒకరు ప్యూర్టోరికో, ఒకరు తెల్లజాతి. ముగ్గురికీ కోర్టు మార్షల్. సైనిక వైద్యుడు కెప్టెన్ హోవర్డ్ లెవీ ప్రత్యేక దళాలకు వైద్యశిక్షణ ఇవ్వనని జైలుకెళ్లాడు. 1968 నుంచి సైనిక స్థావరాల పక్కన ఉద్యమకారులు కాఫీ హౌస్‌లు తెరిచారు. సౌత్ కరోలినాలో యూఎఫ్ఓ, టెక్సాస్‌లోని కిలీన్‌లో ఓలియో స్ట్రట్. సాయంత్రాలు సైనికులు వచ్చి కూర్చునేవాళ్లు, సంగీతం వినేవాళ్లు, పై అధికారులు వినని మాటలు మాట్లాడుకునేవాళ్లు. సైనికులు తమలో తాము పంచుకునే రహస్య పత్రికలు స్థావరాల్లో, ఓడల్లో దాదాపు 300 వెలువడ్డాయి. 1968 ఆగస్టులో షికాగోలో నిరసనకారుల మీదికి వెళ్లాల్సి వస్తుందని తెలిసి ఫోర్ట్ హుడ్‌లో 43 మంది నల్లజాతి సైనికులు కదలమని కూర్చున్నారు. వాళ్లలో చాలామంది వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్లే.

1971 జూన్ నాటికి పరిస్థితి ఎలా ఉందో ఉద్యమకారుడి మాటల్లో కాకుండా యుద్ధాన్ని సమర్థించిన రిటైర్డ్ మెరైన్ కల్నల్ రాబర్ట్ హైన్ల్ మాటల్లోనే తెలుసుకోవచ్చు. సాయుధ దళాల పత్రికలో ఆయన రాసిన వ్యాసం సారాంశం ఇది: వియత్నాంలో మిగిలిన సైన్యం కూలిపోయే దశలో ఉంది, దళాలు పోరుకు వెళ్లకుండా తప్పించుకుంటున్నాయి, సైనికులు సొంత అధికారులనే చంపుతున్నారు. ఆ ఏప్రిల్‌లోనే వియత్నాం మాజీ సైనికులు వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకుని, చివరి రోజున వందల సంఖ్యలో వరసగా వచ్చి తమ పతకాలను కాంగ్రెస్ భవనం ముందున్న కంచె మీదుగా విసిరేశారు. కొందరు పేర్లు చెప్పి విసిరారు. అవి చనిపోయిన స్నేహితుల పేర్లు. డేవిడ్ కార్ట్‌రైట్, తానే ఒకప్పటి సైనికుడు, 1975లో రాసిన పుస్తకం ఈ తిరుగుబాటును మొదటిసారి పూర్తిగా నమోదు చేసింది. భూసేన వాడకానికి పనికిరాకుండా పోవడం వల్లనే నిక్సన్ దాన్ని వెనక్కి రప్పించి విమానాల మీద ఆధారపడాల్సి వచ్చిందన్నది ఆయన వాదన. నాకు ఇది మిగతా వాదనలన్నిటికన్నా సమంజసంగా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఉద్యమం డబ్బున్న విద్యార్థులదనీ, కార్మికులు యుద్ధం వైపనీ, తిరిగొచ్చిన సైనికుల మీద ఉద్యమకారులు ఉమ్మేశారనీ ప్రచారం. 1970 మే 8న న్యూయార్క్‌లో నిర్మాణ కార్మికులు విద్యార్థులను చితకబాదిన మాట నిజమే. కానీ వియత్నాం వెళ్లిన మామూలు సైనికుల్లో దాదాపు 80 శాతం కార్మిక, పేద కుటుంబాలవాళ్లని క్రిస్టియన్ ఆపీ తేల్చాడు. చదువున్న, ఉన్నత వర్గాల కన్నా కార్మికుల్లోనే యుద్ధం మీద వ్యతిరేకత ఎక్కువని సర్వేల ఆధారంగా పెనీ లూయిస్ 2013లో చూపించింది. ఉమ్మిన కథకు ఆ కాలపు ఆధారం ఒక్కటీ దొరకలేదని జెరీ లెంబ్కే, స్వయంగా వియత్నాం వెళ్లొచ్చినవాడు, రాశాడు. పేదవాడి కొడుకు చచ్చే యుద్ధాన్ని పేదవాడు ప్రేమించాడనడం ఎంత అన్యాయం!

ఒక మనిషి నిరాకరణ ఎంత దూరం వెళ్తుందో చెప్పే ఉదంతం మరొకటి. 1969 ఆగస్టులో హేవర్‌ఫర్డ్ కళాశాలలో యుద్ధ నిరోధకుల అంతర్జాతీయ సభ. వక్తల్లో ర్యాండీ కెహ్లర్ అనే యువకుడు డ్రాఫ్టు కాదన్నందుకు త్వరలో జైలుకు వెళ్తున్నానని, అక్కడ స్నేహితులను కలుసుకుంటానని సంతోషంగా చెప్పాడు. వింటున్నవాళ్లలో డేనియల్ ఎల్స్‌బర్గ్ ఉన్నాడు. పెంటగాన్‌లో పనిచేసి, యుద్ధం గురించి ప్రభుత్వం రహస్యంగా రాయించుకున్న చరిత్రను చదివినవాడు. బయటికి వెళ్లి గంటసేపు ఏడ్చి, తాను ఏం చేయగలనని ఆలోచించాడు. అక్టోబర్ నుంచి ఆ 7,000 పేజీలను కాపీ తీయడం మొదలుపెట్టాడు. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ ప్రచురించింది. గెలవలేమని తెలిసీ అధ్యక్షులు ప్రజలకు అబద్ధాలు చెప్పారని బయటపడింది. ఆగ్రహించిన నిక్సన్ లీకులు ఆపడానికి రహస్య బృందం పెట్టాడు. వాళ్లు మొదట ఎల్స్‌బర్గ్ మానసిక వైద్యుడి కార్యాలయం పగలగొట్టారు, తర్వాత ఆ బృందం వాళ్లే డెమోక్రాటిక్ పార్టీ కార్యాలయమున్న వాటర్‌గేట్ భవనంలో దూరారు. 1973 నాటికి నిక్సన్ చేతులు ఆ కుంభకోణంతో కట్టుబడ్డాయి. జైలుకు నవ్వుతూ వెళ్లిన ఒక కుర్రాడి దగ్గర మొదలైంది ఇదంతా.

ఇక డబ్బు విషయం. ఆ సంచి అమెరికా కాంగ్రెస్ చేతిలో ఉంటుంది. 1970లో కంబోడియా మీద అమెరికా దాడి, కెంట్ స్టేట్ కాల్పుల తర్వాత 40 లక్షల మంది విద్యార్థులు సమ్మె చేసినప్పుడు గానీ సెనేట్ కదల్లేదు. కంబోడియాలో భూసేనకు నిధులు ఆపే సవరణ, టొంకిన్ తీర్మానం రద్దు ఆ ఏడాది నుంచి 1971 జనవరి లోపు వచ్చాయి. 1973 జూన్‌లో ఆమోదించిన మరో సవరణ ఆగస్టు 15 తర్వాత ఇండోచైనాలో ఎక్కడా అమెరికా సైనిక చర్యకు నిధులు లేవన్నది. బాంబులు నిజంగా ఆగింది ఆ రోజున. అప్పటికి 58 వేల మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. వియత్నాం ప్రభుత్వం 1995లో ప్రకటించిన అంచనా ప్రకారం ఆ దేశపు పౌరులు 20 లక్షలు, పోరాడినవారు 11 లక్షలు. మొదటి టీచ్-ఇన్ నుంచి చివరి బాంబు దాకా ఎనిమిదేళ్లు పట్టింది. ఉద్యమం గెలిచిందని చెప్పేముందు ఆ అంకెలు కళ్ల ముందు ఉంచుకోవాలి.

మిగతా దేశాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1920 మేలో లండన్ రేవు కార్మికులు సోవియట్ రష్యా మీద యుద్ధానికి వెళ్లే ఆయుధాలను జాలీ జార్జ్ అనే ఓడలోకి ఎక్కించలేదు. ఆగస్టులో సార్వత్రిక సమ్మె హెచ్చరికతో లాయిడ్ జార్జ్ ప్రభుత్వం యుద్ధంలోకి దిగే ఆలోచన వదిలేసింది. పోర్చుగల్ అంగోలా, మొజాంబిక్, గినీబిస్సావులలో 13 ఏళ్లు యుద్ధం చేసింది. దాని ముగింపుకు దారితీసింది ఆ యుద్ధాల్లోనే అలిసిపోయిన కెప్టెన్లు 1974 ఏప్రిల్ 25న చేసిన తిరుగుబాటు. ఫ్రాన్స్ కథ సిగ్గుపడాల్సినది. అల్జీరియాలో యుద్ధానికి వెళ్లనని చెప్పే హక్కు సైనికుడికి ఉందంటూ 1960లో సార్త్ర్ సహా 121 మంది రచయితలు, మేధావులు సంతకాలు చేశారు. కానీ 1961 అక్టోబర్ 17న పారిస్ వీధుల్లో శాంతియుతంగా నడిచిన అల్జీరియన్లను పోలీసులు పదుల సంఖ్యలో చంపి కొందరిని సేన్ నదిలోకి విసిరేస్తే ఫ్రెంచి సమాజం దాదాపు మౌనంగా ఉండిపోయింది. నాలుగు నెలల తర్వాత షారోన్ మెట్రో స్టేషన్ దగ్గర తొమ్మిది మంది సొంత పౌరులు చనిపోతే లక్షల మంది అంత్యక్రియలకు తరలివచ్చారు. యుద్ధ వ్యతిరేకత అనే మాటలో ఎవరి చావుకు లెక్క ఉంటుందో అడగక తప్పదు.

మన సంగతి ఏమిటి? 1939లో భారత ప్రజలను ఒక్క మాట అడగకుండా వైస్రాయ్ దేశాన్ని యుద్ధంలోకి దించాడు. కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసు రాష్ట్ర రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం కూడా పదవి వదిలేశారు. 1940 అక్టోబర్ 17న వినోబా భావే పవనార్‌లో నిలబడి బ్రిటిష్ యుద్ధానికి మనిషినిగానీ డబ్బుగానీ ఇవ్వడం తప్పని చెప్పి అరెస్టయ్యారు. అదే వ్యక్తి సత్యాగ్రహం. ప్రకాశం పంతులు సహా 20 వేలకు పైగా జనం ఆ మాట చెప్పి జైళ్లు నింపారు. సరైన చోటే గురిపెట్టిన ఉద్యమం అది. అయినా యుద్ధం ముగిసేసరికి భారత సైన్యంలో 25 లక్షల మంది ఉన్నారు. వాళ్లను ఎక్కువగా చేర్పించింది ఆకలి.

స్వతంత్ర భారతం శ్రీలంకకు 1987 జులైలో శాంతి దళాన్ని పంపింది. అక్టోబర్‌కల్లా అది జాఫ్నాలో యుద్ధమైంది. దాదాపు 1,200 మంది భారత సైనికులు చనిపోయారు. జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, వైద్యులు మన సైనికుల తూటాలకు బలయ్యారు. తమిళనాడు బయట ఈ యుద్ధం మీద చెప్పుకోదగ్గ ప్రజాందోళన రాలేదు, మన తెలుగునాట కూడా రాలేదు. ఎన్.టి. రామారావు అధ్యక్షుడుగా ఉన్న నేషనల్ ఫ్రంట్ అధికారంలోకి వచ్చాక, 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు చేరాయి. తమిళుల రక్తం అంటిన సైన్యాన్ని స్వాగతించలేనని తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆ మాట సైనికుల కుటుంబాలకు గాయం చేసి ఉంటుంది. కానీ అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆ ఒక్క రాష్ట్రమే.

2003ను తిరిగి చూస్తే మాత్రం మనవైపు ఒక గెలుపు ఉంది. ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యాన్ని, దాదాపు 17 వేల మందిని పంపమని అమెరికా వాజపేయి ప్రభుత్వాన్ని కోరింది. అంతకుముందు ఏప్రిల్‌లోనే లోక్‌సభ యుద్ధాన్ని ఖండిస్తూ ఏకగ్రీవ తీర్మానం చేసింది. ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపేది లేదని జులై 14న మంత్రివర్గ భద్రతా సంఘం నిర్ణయించింది. తుర్కియేలోనూ అలాగే జరిగింది. 62 వేల మంది అమెరికా సైనికులకు దారి ఇచ్చే తీర్మానానికి మార్చి 1న పార్లమెంటులో 264 మంది అనుకూలంగా, 250 మంది వ్యతిరేకంగా ఓటేసినా, 19 మంది తటస్థంగా ఉండటంతో కావలసిన మెజారిటీ రాలేదు. ఆ రోజు అంకారా వీధుల నిండా జనం. లండన్ ఊరేగింపు ఫలితం పదేళ్లు ఆలస్యంగా వచ్చింది. 2013 ఆగస్టులో సిరియా మీద దాడికి ప్రధాని కామెరాన్ అనుమతి అడిగితే బ్రిటన్ పార్లమెంటు 285-272తో తిరస్కరించింది. చర్చలో అందరి నోటా ఇరాక్ మాటే.

అయితే 1973 తర్వాత పాలకులు కూడా పాఠం నేర్చుకున్నారు. అమెరికా డ్రాఫ్టు ఎత్తేసింది. ఇప్పుడు జీతం కోసం చేరినవాళ్లే పోరాడతారు. ఇరాక్ యుద్ధం అప్పు తెచ్చి చేశారు, పన్నులు పెంచకపోగా తగ్గించారు. అక్కడ సైనికుల సంఖ్యకు దాదాపు సమానంగా కాంట్రాక్టు మనుషులను వాడారు. యుద్ధం పౌరుల ఇళ్లలోంచి బయటికి పోయింది. లక్షల మంది నడిచినా తగలడానికి గోడ దొరకలేదు. రష్యాలో 2022లో నిరసనకారులను వేల సంఖ్యలో అరెస్టు చేసి, సైన్యం గురించి అబద్ధాలన్న పేరుతో 15 ఏళ్ల దాకా జైలు పెట్టే చట్టం తెచ్చారు. సెప్టెంబర్‌లో భర్తీ ప్రకటించగానే లక్షల మంది దేశం వదిలారు. అయినా పేద ప్రాంతాల వాళ్లకు పెద్ద జీతాలు ఎరవేసి, బయటి దేశాలవాళ్లను మోసంతో తెచ్చి యుద్ధం నడిపిస్తున్నారు. సహాయకుల ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన హైదరాబాద్ యువకుడు 2024లో ఆ యుద్ధంలోనే చనిపోయాడు. డ్రాఫ్టు ఎత్తేసినా, అమెరికాలో పుట్టిన తెలుగు కుర్రాళ్ల పేర్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ల పేర్లు కూడా 18 నుంచి 25 ఏళ్ల మధ్య సైనిక భర్తీ జాబితాలో ఉండాలన్న నియమం 1980 నుంచి ఉంది. దూరపు యుద్ధాలు మనకు దూరం కావు.

అందుకే ఊరేగింపు వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. రేవు కార్మికుడికి, సైనికుడికి, పార్లమెంటు సభ్యుడికి కాదనే ధైర్యం ఇచ్చేది అదే. కానీ అక్కడితో ఆగితే చాలదు. విదేశాలకు సైన్యాన్ని పంపడానికి పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి చేసే చట్టం నేటికీ మన దేశంలో లేదు. 1987లో ఆ చర్చ జరిగి ఉంటే జాఫ్నాకు వెళ్లిన జవాన్లలో ఎందరో ఇంటికి తిరిగొచ్చేవారని నేను నమ్ముతున్నాను. అమెరికా 1973లో అధ్యక్షుడికి 60 రోజుల గడువు పెట్టే చట్టం తెచ్చుకుంది. అది ఎన్నిసార్లు ఉల్లంఘనకు గురైనా, ప్రశ్నించడానికి ఒక పునాది ఉంది. మనకు అదీ లేదు. ఈ చట్టం కావాలని మీ నియోజకవర్గ ఎంపీని ఇప్పుడే, ఏ యుద్ధమూ లేని రోజునే అడగండి.